పాత కార్ల విభాగం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

సిడ్నీలో మన తెలుగు సంఘం కింద ఈ విభాగం పెట్టినప్పుడు "పని లేనివాళ్ల పని" అని నవ్వినవాళ్లే ఈ ఏడాది పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చారు. సంతోషం. లెక్కలు కోశాధికారి విడిగా పెడతారు కాబట్టి జరిగిన పనులు మాత్రం రాస్తున్నాను.

ఆగస్టులో సిడ్నీలోని హోంబుష్ వెళ్లాం. అక్కడి ఫోర్డ్ ఫ్యాక్టరీ 1994లోనే మూతపడింది కాబట్టి చూడటానికేమీ లేదు. బైసెంటెనియల్ పార్కులో చాపలు పరిచి, పులిహోర తింటూ ఆ ఫ్యాక్టరీ కథే చెప్పుకున్నాం. 1965, 66లలో ఫోర్డ్ ఆస్ట్రేలియా తమ స్పోర్ట్స్ కార్లయిన 209 మస్టాంగ్‌లు అమెరికా నుంచి తెప్పించి, ఆ ఫ్యాక్టరీలోనే స్టీరింగ్ కుడివైపుకు మార్చి అమ్మింది. మొదటి ఏడు 48, రెండో ఏడు 161. మస్టాంగ్‌లు అమ్మి బాగుపడదామని కాదు, ఆ పేరు చెప్పి ఇక్కడి ఫాల్కన్ కార్లు అమ్ముకుందామని. ఎత్తు పారింది. 1967లో 289 క్యూబిక్ అంగుళాల, ఎనిమిది సిలిండర్ల (వి8) ఇంజిన్‌తో వచ్చిన ఫాల్కన్ జీటీ అదే ఏడు ఇక్కడి పేరున్న బాథర్స్ట్ కార్ల రేసు గెలిచింది.

స్టీరింగ్ మార్చడమంటే చక్రం తీసి పక్కన పెట్టడం కాదు. స్టీరింగ్ బాక్స్, పెడల్స్, బ్రేక్ మాస్టర్ సిలిండర్, డ్యాష్‌బోర్డ్ అన్నీ అటునుంచి ఇటు రావాలి. ఇక్కడే ఒక హెచ్చరిక. మన సభ్యుడొకరు ఈ 209లో ఒకటనుకుని ఒక కారుకు అడ్వాన్స్ ఇచ్చేయబోయారు. కాగితాలు అడిగితే అమ్మే మనిషి మాట మార్చాడు. స్టీరింగ్ కుడివైపు ఉన్నంత మాత్రాన అది హోంబుష్ కారైపోదు. తర్వాతి రోజుల్లో గ్యారేజీల్లో మార్పించుకున్నవి చాలా ఉన్నాయి. కారు కంటే ముందు కాగితం చూడండి.

ఏడాదంతా టెన్షన్ పెట్టింది మాత్రం షెవర్లే కమారో కారు. మరో సభ్యుడు కాలిఫోర్నియా నుంచి 1967 మోడల్ తెప్పించుకున్నారు. ఆస్ట్రేలియాలో ఆస్‌బెస్టాస్‌పై 2003 చివరి నుంచి పూర్తి నిషేధం. పీలిస్తే ఊపిరితిత్తులకు ప్రమాదమైన నార అది, కొంచెమైనా ఒప్పుకోరు. పాత అమెరికన్ కార్లలో బ్రేక్ లైనింగ్, క్లచ్, గ్యాస్కెట్లు (అతుకుల మధ్య లీకు కాకుండా పెట్టే పొరలు) అన్నిట్లో అది ఉండే అవకాశం ఉంది. ఈయన బ్రేకులు అక్కడే మార్పించి నిశ్చింతగా ఉన్నారు. ఎగ్జాస్ట్ దగ్గర వేలెడంత గ్యాస్కెట్ ముక్క ల్యాబ్‌లో దొరికిపోయింది. కారు పోర్టులోనే ఆగింది, రోజు అద్దె పెరిగింది. ఇంట్లో ఆవిడ ముందు ఆయన పరిస్థితి ఏమిటో రాయనక్కర్లేదు. చివరికి ఆ భాగాలు తీయించాకే కారు బయటికి వచ్చింది. తెప్పించే ఆలోచన ఉన్నవాళ్లు ఓడ ఎక్కించకముందే, అక్కడే పరీక్ష చేయించండి. ఏజెంటు "ఏం ఫర్వాలేదు సార్" అంటే అస్సలు నమ్మకండి.

ఆ కారు ఇప్పటికీ ఎడమ స్టీరింగే. మన న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో 30 ఏళ్లు దాటినవాటికి అనుమతి ఉంది, వెనక 'లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్' అని బోర్డు పెట్టాలి. విజయవాడలోనూ ఇక్కడా కుడి స్టీరింగే నడిపినవాళ్లం కదా, మనకది వింతే. పార్కింగ్ టికెట్ మెషీన్ దగ్గర పక్క సీట్లో ఉన్నవాళ్లే చెయ్యి చాపాలి. మార్చిలో నేను పక్కన కూర్చుని ఆ టికెట్ కింద పడేశాను. వెనక కార్లన్నీ హారన్లు కొట్టాయి.

మెల్‌బోర్న్ మిత్రులతో జూమ్‌లో ఒక సాయంత్రం గడిచింది. పోర్ట్ మెల్‌బోర్న్‌లో విడిభాగాలు తెచ్చి బిగించిన కుడి స్టీరింగ్ అమెరికన్ మోటార్స్ స్పోర్ట్స్ కార్లు ఏఎంఎక్స్‌లు 24 మాత్రమే అని అక్కడే తెలిసింది. అందులో ఒకటి కళ్లారా చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

పాత కార్లకిచ్చే హిస్టారిక్ రిజిస్ట్రేషన్‌కి గుర్తింపు పొందిన క్లబ్‌లో సభ్యత్వం కావాలి. మన విభాగానికి ఆ గుర్తింపు లేదు. దరఖాస్తు చేయాలా, లేక ఎవరికి వారు వేరే క్లబ్‌లో చేరాలా అన్నది సర్వసభ్య సమావేశంలో తేల్చాలి.

వచ్చే ఏడాది క్వీన్స్‌లాండ్ ప్రయాణం అనుకుంటున్నాం. రేసు డ్రైవర్ అలన్ మొఫాట్ 1969 నుంచి నడిపి 151 రేసుల్లో 101 గెలిచిన ఎర్ర బాస్ 302 మస్టాంగ్ అక్కడ ఒక కుటుంబం దగ్గర ఉంది. చూడనిస్తారో లేదో ముందు అడగాలి. వచ్చేవాళ్లు పేర్లు నాకు పంపండి, చిన్నపిల్లలుంటే వయసు కూడా రాయండి.

ఇట్లు,
కార్యదర్శి