విప్పేముందు కొలతలు తీయాలి

సంపాదకులకు నమస్కారం.

పాత గుడినో చర్చినో నేలమట్టం చేసి అదే చోట కొత్తది కట్టడాన్నే మన పల్లెల్లో జీర్ణోద్ధరణ అంటున్నారు. అలా చేయడం వల్ల ఊరు ఏం పోగొట్టుకుంటుందో, ఉద్యోగరీత్యా నేను ఉంటున్న ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో పాడుబడిన ఒక చర్చిని చూశాక నాకు బాగా తెలిసివచ్చింది.

మాల్టన్ పట్టణానికి దగ్గరలో, సుద్దరాతి కొండల మధ్య లోయలో, వారమ్ పెర్సీ అనే ఊరు ఉండేది. ఇప్పుడక్కడ ఆనాటి ఇళ్ళ పునాదులు పచ్చికలో మిట్టలుగా, వీధులు పల్లాలుగా కనిపిస్తాయి. మధ్యయుగపు ఊరిలో నేలమీద నిలిచి ఉన్నది పైకప్పు లేని సెయింట్ మార్టిన్ చర్చి ఒక్కటే. దాని పక్కగోడ దగ్గర నిలబడి చూస్తే, గోడ రాళ్ళలో సగం కూరుకుపోయిన గుండ్రటి స్తంభాలు, వాటి మీద కమానులు, ఆ కమానుల ఖాళీని పూడ్చిన వేరే రకం రాతికట్టు కనిపిస్తాయి. ఒకప్పుడు ఆ స్తంభాలకు అవతల కూడా జనం నిలబడి ప్రార్థించే వసారా ఉండేది.

ఊరి కథంతా ఆ గోడలోనే ఉంది. నేలను తవ్వినప్పుడు ఇప్పటి కట్టడం కింద అంతకంటే చిన్న రాతి చర్చి పునాదులు, దానికీ ముందు కట్టెలతో కట్టిన చర్చి ఉండేదనడానికి గుర్తుగా గుంజలు పాతిన గుంటలు బయటపడ్డాయి. 12వ శతాబ్దంలో చర్చి పెద్దదైంది. జనం పెరిగేకొద్దీ రెండు పక్కలా వసారాలు చేరాయి. 1348-49 నాటి ప్లేగు ఊరిని దెబ్బతీసినా ఖాళీ చేయలేదు. 1500 ప్రాంతంలో, గొర్రెల మేపుకు నేల కావలసి వచ్చి, భూస్వామి చివరి కుటుంబాలను వెళ్ళగొట్టాడు. జనం తగ్గాక వసారాలు పడగొట్టి, కమానులు పూడ్చి, చర్చిని కుదించుకున్నారు. అయినా చుట్టుపక్కల పల్లెలవాళ్ళు శతాబ్దాలపాటు ఇక్కడికే నడిచి వచ్చేవారు. 1870లో ఆ పల్లెల్లో ఒకటైన థిక్సెన్‌డేల్‌కు సొంత చర్చి ఏర్పడింది. ఇక్కడ చివరి ఆరాధన 1949లో జరిగింది. ఆ తర్వాత పైకప్పు మీది సీసపు రేకులను దొంగలు ఎత్తుకుపోయారు. 1959లో గంటగోపురం సగం కూలింది.

మారిస్ బెరెస్‌ఫోర్డ్ అనే చరిత్రకారుడు, జాన్ హర్స్ట్ అనే పురావస్తు శాస్త్రవేత్త 1950 నుంచి 1990 దాకా, వేసవి తర్వాత వేసవి, ఈ ఊరిని తవ్వించారు. చర్చి ఆవరణలో దొరికిన దాదాపు 700 అస్థిపంజరాలను పరీక్షించి, ఆనాటి తల్లులు బిడ్డలకు సుమారు ఏడాదిన్నర వయసు వరకు పాలిచ్చేవారన్న సంగతిని కూడా తేల్చగలిగారు. రాజుల చరిత్రలో ఎక్కడా చోటు దొరకని మామూలు రైతు కుటుంబాల సంగతి ఇది. గోడలు పడిపోకుండా భద్రపరిచారే గాని, చర్చిని కొత్తగా కట్టలేదు. ఆ నిర్ణయం ఎంతో సరైనదని నా అభిప్రాయం.

మా సొంత ఊళ్ళో శివాలయం ముందు ఒక శాసనపు రాయి ఉండేది. చిన్నప్పుడు దాని అక్షరాలను వేలితో దిద్దుతూ ఆడుకునేవాళ్ళం. మొదట దానికి ఎనామిల్ రంగు పూశారు. తర్వాత కొత్త మంటపం కట్టినప్పుడు పునాదిలో వేసేశారని విన్నాను. దానిలో ఏముందో ఎవరూ రాసి పెట్టుకోలేదు. కట్టించినవాళ్ళు భక్తితోనే కట్టించారు, వాళ్ళను తప్పు పట్టను. కాని ఆ రాయి పోయినందుకు నేటికీ బాధగానే ఉంది.

కొత్త కట్టడాలు వద్దని నేను అనడం లేదు. రక్షిత కట్టడాల జాబితాలో లేని గుడి, మసీదు, చర్చి ఏదైనా సరే, విప్పేముందు కొలతలతో పటం గీసి, ప్రతి గోడను, స్తంభాన్ని ఫోటో తీసి, ఒక ప్రతి పంచాయతీలోనూ మరొకటి జిల్లా గ్రంథాలయంలోనూ ఉంచాలని రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ నిబంధన పెట్టాలి. ఒక టేపు, ఒక ఫోను, ఓపిక గల ఇద్దరు విద్యార్థులు ఉంటే రెండు రోజుల్లో అయ్యే పని ఇది. శాసనం ఏదైనా కనబడితే, దాని మీద రంగు పడకముందే పురావస్తు శాఖకు కబురు చేయాలి.

ఇట్లు,
యార్క్‌షైర్ నుంచి ఒక పాఠకుడు