ఒక్క ముక్కలో తేలే యవ్వారమా ఇది!

కావలి

ఒరే మామా,

ఆర్, సాస్, ఎస్పీఎస్ఎస్, స్టాటా... ఈ గణాంకాల సాఫ్ట్‌వేర్లలో ఏది గొప్పదో ఒక్క ముక్కలో చెప్పమన్నావు. అట్టా తేలేదైతే ఇంత కాగితం ఎందుకు పాడుచేస్తాను?

ముందు నీ డేటా సంగతి చూడు. అల్లూరు వైపు రొయ్యల గుంటలు, ఒక్కో రైతుకి మూడో నాలుగో. ప్రతి గుంటలో వారం వారం వల విసిరి తీసిన సగటు బరువు. ఈ వారం బరువు పోయిన వారం బరువుని బట్టే ఉంటుంది కదా. పైగా ఒక రైతు గుంటలన్నిటికీ అదే నీళ్లు, అదే మేత. ప్రతి అంకే దేనికది విడి అనుకునే మామూలు రిగ్రెషన్ ఇక్కడ చెల్లదు, ఇట్టా ముడిపడ్డ అంకెల్ని లెక్కలోకి తీసుకునే మిక్స్‌డ్ మోడల్ కావాలి. అది నాలుగింట్లోనూ ఉందిరా! అందుకే ఉందా లేదా అని టిక్కులు పెట్టిన పట్టికలు నేను చూడను.

మనం ఏమీ చెప్పకపోతే ఆ సాఫ్ట్‌వేర్ సొంతంగా ఏం చేస్తుందో చూడాలి. రొయ్యలకి వైట్ స్పాట్ జబ్బు వచ్చిందా రాలేదా అని మోడల్ వేశావనుకో. సాస్‌లో దానికి వాడే గ్లిమ్మిక్స్, సూడో లైక్లీహుడ్ అనే ఉజ్జాయింపుతో పోతుంది. ఆర్‌లో ఎల్ఎంఈ4 అనే ప్యాకేజీ లాప్లాస్ అనే ఇంకో ఉజ్జాయింపు పడుతుంది. స్టాటాలో మీలాజిట్ కమాండ్‌ది 7 పాయింట్ల క్వాడ్రేచర్, అంటే ఏడు చోట్ల విలువ కట్టి కలిపే ఇంకాస్త నికరమైన లెక్క. ఒక్కో రైతుకి గుంటలు నాలుగే, జబ్బేమో అరుదు అయితే మూడు చోట్లా అంకెలు మూడు రకాలు. ముఖ్యంగా సూడో లైక్లీహుడ్ రైతుకీ రైతుకీ ఉన్న తేడాని తక్కువ చేసి చూపిస్తుంది. సాస్‌కి, ఆర్‌కి క్వాడ్రేచర్ వాడమని నువ్వే చెప్పాలి.

ఇంకోటి, ఏ మేత, బి మేత అని రెండుంటే పోల్చడానికి ఆర్ మొదటిదాన్ని ఆధారం చేసుకుంటుంది, సాస్, ఎస్పీఎస్ఎస్ చివరిదాన్ని. అంకె అదే, ప్లస్ కాస్తా మైనస్ అవుతుంది. మీ గైడ్‌కి టెన్షన్!

బరువుల మోడల్‌కి ఎల్ఎంఈ4 అయితే పి-వాల్యూనే (కనిపించిన తేడా వట్టి యాదృచ్ఛికమా అని తూచే అంకె) ఇవ్వదు. ఆ లెక్కకి కావలసిన డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ ఎన్నో గట్టిగా చెప్పలేమని దాన్ని రాసిన డగ్లస్ బేట్స్ కావాలనే వదిలేశాడు. నాకు ఆ నిజాయితీ నచ్చింది. పి-వాల్యూ కావాలంటే ఎల్ఎంఈఆర్‌టెస్ట్ అనే ప్యాకేజీ ఉంది. కానీ నీ వారం వారం లంకెని ఎల్ఎంఈ4 తనంతట తాను పట్టుకోదు, దానికి ఆర్‌లోనే ఎన్ఎల్ఎంఈ అనే పాత ప్యాకేజీ వాడొచ్చు. సాస్‌లో అయితే రిపీటెడ్ అనే ఒక్క కమాండ్ లైనుతో సరి.

మిగతావాటికి లైసెన్సు డబ్బులు ఎవరిస్తారు గానీ, నువ్వు ఉచితంగా దొరికే ఆర్ పట్టుకో. శనివారం లాప్‌టాప్ తీసుకొని రా, కూర్చుందాం. ఈలోగా ఒక పని చెయ్. ప్రతి రైతుకీ గుంట 1, గుంట 2 అని రాసుంటావు, అట్టాగే ఇచ్చేస్తే ఊళ్ళో ఉన్న ఒకటో నంబరు గుంటలన్నీ ఒకటే అనుకుంటుంది ఎల్ఎంఈ4. రైతు నంబరు ముందు తగిలించి పంపు.

నీ మామ