బడిలో మన పిల్లలకు తోడుగా: కాలనీ సంక్షేమ సంఘం 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

రోడ్లు, డ్రైనేజీ, వినాయక చవితి, బతుకమ్మ ఏర్పాట్ల వివరాలను జమాఖర్చులతో పాటు కోశాధికారి గారు విడిగా చదువుతారు. ఈ నివేదిక మాత్రం ఈ ఏడాది కొత్తగా ఎత్తుకున్న ఒక్క పని గురించే. బడిలో, స్కూలు వ్యానులో తోటి పిల్లలు ఏడిపిస్తుంటే లోలోపలే కుమిలిపోతున్న పిల్లలకు, వాళ్ల ఒత్తిడికి లొంగి ఇష్టం లేని పనులు చేస్తున్న పిల్లలకు అండగా నిలవడం.

సర్వసభ్య సమావేశంలో కొందరు తల్లులు చెప్పిన మాటలతో ఇది మొదలైంది. ఒక బాబు బడి నుంచి వస్తూనే ఆకలి అంటాడు, టిఫిన్ డబ్బా చూస్తే ఖాళీ. అది పొద్దున వ్యానులోనే వెనక సీటు పిల్లల పాలవుతోందని ఇంట్లోవాళ్లకు చాలా రోజులకు గాని తెలియలేదు. ఇంకో పాప తన ఫొటోతో చేసిన మీమ్ క్లాసు వాట్సాప్ గ్రూపులో తిరిగినప్పటి నుంచి, బడి టైముకు కడుపునొప్పి అంటోంది. ఇలాంటప్పుడు మనం పెద్దవాళ్లం ‘పట్టించుకోకు’ అంటాం, లేదా ‘నువ్వూ ఒకటి ఇచ్చుకో’ అంటాం. ఈ రెండు సలహాలూ పిల్లల్ని ఒంటరిగానే వదిలేస్తాయని కార్యవర్గం అభిప్రాయం.

అమెరికాలో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1950లలో గీతల పొడవు పోల్చే ప్రయోగం చేశారు. చుట్టూ ఉన్నవాళ్లంతా కావాలని తప్పు జవాబు చెబుతుంటే, నిజం కళ్లెదుటే ఉన్నా దాదాపు నలుగురిలో ముగ్గురు కనీసం ఒక్కసారైనా వాళ్లకు వంతపాడారు. ఆ గుంపులో ఒక్కరు నిజం చెప్పేసరికి ఆ లొంగుబాటు బాగా తగ్గిపోయింది. వాళ్లంతా కాలేజీ విద్యార్థులు. మరి పదేళ్ల పిల్లవాణ్ణి ఒక్కడివే నిలబడు అనడం ఎంత అన్యాయం! అందుకే మన ఆదివారం శిబిరాల్లో ధైర్యం గురించి ఉపన్యాసాలు పెట్టలేదు. పక్కవాడికి తోడు నిలవడం సాధన చేయించాం.

కమ్యూనిటీ హాల్లో కుర్చీలు వ్యాను సీట్లలా వేశాం. ఒకరు బ్యాగు లాక్కుంటారు, ఇద్దరు నవ్వుతారు, ఒకరు ఏమీ ఎరగనట్టు కిటికీలోంచి బయటికి చూస్తుంటారు. మేం ఎక్కువ సమయం గడిపింది ఆ కిటికీ పక్క పిల్లలతోనే. గొడవ పడక్కర్లేదు, లేచి వచ్చి ‘రా, నా పక్కన కూర్చో’ అంటే చాలు. ఆ కాస్త మాట కూడా మొదట్లో చాలామందికి గొంతు దాటలేదు. ఆరో తరగతి పాప ఒకతె చివరికి గట్టిగా అనేసి, ఏడుస్తున్న పిల్లాడి బ్యాగు తనే తీసి భుజాన వేసుకుంది. కెనడాలో బడి ఆటస్థలాలను వీడియో తీసి పరిశీలించిన పరిశోధకులు 2001లో చెప్పిందీ ఇదే. తోటి పిల్లలు కల్పించుకున్న సందర్భాల్లో సగానికి పైగా, పది సెకన్లలోపే ఏడిపించడం ఆగిపోయిందట.

వెనక సీటు పిల్లలూ మన కాలనీ పిల్లలే. వాళ్ల పేర్లు ఎక్కడా బయటపెట్టకుండా, తల్లిదండ్రులతో ఇంటికి వెళ్లి మాట్లాడాం. ఇంట్లో దెబ్బలు తినే పిల్లవాడే వ్యానులో చెయ్యి చేసుకుంటున్నాడని ఒకచోట తెలిసింది. వాడికీ తోడు కావాలి.

బడుల్లో వేధింపుల నిరోధక కమిటీలు ఉండాలని, వాటిలో తల్లిదండ్రుల ప్రతినిధి కూడా ఉండాలని సీబీఎస్‌ఈ 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. మీ పిల్లల బడి సీబీఎస్‌ఈదైతే ఆ కమిటీలో ఎవరున్నారో అడగండి. పిల్లల సహాయానికి చైల్డ్ హెల్ప్‌లైన్ 1098, మానసిక ఆరోగ్య సలహాకు టెలీమానస్ 14416 నంబర్లను గేటు దగ్గర, లిఫ్టుల్లో పిల్లల కంటికి అందే ఎత్తులో అంటించాం. దయచేసి వాటి మీద ట్యూషన్ పోస్టర్లు వేయవద్దు.

జూన్‌లో బడులు తెరిచేలోపు వ్యాను డ్రైవర్లతో, ఆయాలతో ఒక సమావేశం పెట్టాలని, చిన్న పిల్లల్ని ముందు సీట్లలో కూర్చోబెట్టమని కోరాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. పొద్దున వ్యాన్లు వచ్చే వేళకు గేటు దగ్గర ఉండగల తాతయ్యలు, అమ్మమ్మలు, నాయనమ్మలు ఈ రోజే కార్యదర్శి దగ్గర పేరు రాయించుకోగలరు.