నీటి సంఘంలో కౌలు రైతు పేరేది?

సంపాదకులు గారికి నమస్కారం.

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. పదహారేళ్లుగా మూడెకరాలు కౌలుకు చేస్తున్నాను. మా చేను కాలువ శివారున, మురుగు కాలువను ఆనుకుని ఉంటుంది. దాళ్వాలో (రబీలో) నీరు మాకే ఆఖరున వస్తుంది, సార్వాలో (ఖరీఫ్‌లో) ముంపు మాకే ముందొస్తుంది.

మొన్న సార్వాలో నాట్లు పడిన వారానికే డ్రెయిన్ నిండా గుర్రపుడెక్క అల్లుకుపోయి నీరు కదలడం మానేసింది. చేలో మోకాలి లోతు. ఎవరో వచ్చి తీస్తారని కూర్చుంటే నాటిందంతా కుళ్లిపోతుందని ఏడుగురం దిగిపోయాం. వెదురు గడలతో లాగుతుంటే ఒక్కో దుబ్బు కింద మూరెడు వేళ్లు, వాటికి పట్టుకుని నల్లటి బురద, జలగలు. తీసింది గట్టు మీదే వదిలేస్తే వానకు మళ్లీ కాలువలోకే జారుతుందని మోసుకెళ్లి దూరంగా పోశాం. రెండో రోజు సాయంత్రం వంతెన కింద చెత్త కదిలి కొట్టుకుపోయింది. అది చూశాకే ఇంటికెళ్లి కడుపు నిండా అన్నం తిన్నాను.

ఆ ఏడుగురిలో ఆరుగురం కౌలుదార్లమే. కాలువల బాగోగులు చూసే సాగునీటి సంఘం జాబితాలో మా ఆరుగురిలో ఒక్కరి పేరూ లేదు. 2024 డిసెంబరులో సంఘాలకు ఎన్నికలు జరిగితే బయట నిలబడి చూశాం.

1997 నాటి సాగునీటి సంఘాల చట్టం మా పక్షానే ఉంది. ఒకే భూమికి యజమానీ, కౌలుదారూ ఉంటే సభ్యుడు కౌలుదారేనంటుంది. చిక్కల్లా కౌలు రుజువు కాగితంతోనే. 2019 చట్టం కింద ఇచ్చే సాగుదారు హక్కు పత్రం 11 నెలలకే. దాంతో భూమి మీద హక్కేమీ రాదు. అయినా దానికి కావాల్సిన సంతకం పెట్టడానికి ఆసాములు (భూమి యజమానులు) భయపడతారు. మా ఆసామి మంచాయనే, పంట పోయిన ఏడు మక్తా (కౌలు) తగ్గించారు కూడా. సంతకం మాత్రం అడగొద్దంటారు. ఆయన ఉండేది హైదరాబాద్‌లో, సంఘంలో ఉన్నది ఆయన పేరు.

2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పుకున్న బాధల్లో మురుగు దిగకపోవడం ఒకటి. వేసవిలో కాలువలకు నీరు ఆపేసినప్పుడు ఏ పని ముందు చేయాలో సంఘమే మాట్లాడాలి. ఏ గట్టు జారిందో, ఏ తూముకు తలుపు లేదో రోజూ ఆ గట్టున నడిచేవాళ్లకు తెలుసు.

ఈ-పంట నమోదుకు సిబ్బంది ఎలాగూ చేలోకి వస్తారు. ఆ రోజే సాగు చేసేవారి పేరు రాసుకుని, ఊళ్లో అందరి ముందు చదివి, సంఘం జాబితాలో ఎక్కించాలని రెవెన్యూ, ఇరిగేషన్ అధికారులను వేడుకుంటున్నాను. వచ్చే వేసవిలో కాలువలకు నీరు ఆపేలోపే ఇది జరగాలి. మా డ్రెయిన్‌లో అప్పుడే మళ్లీ గుర్రపుడెక్క తేలుతోంది.

— ఒక కౌలు రైతు, రాజోలు ప్రాంతం, కోనసీమ