కాయిల్ మార్చే ముందు ప్లగ్ గుంతలోకి టార్చి వేయమనండి

సంపాదకులు గారికి నమస్కారం.

పాత కార్ల గురించి పేపర్లో ఏదైనా వచ్చిందంటే మైలేజీ ఎంత, ఇన్సూరెన్సు ఎంత, అమ్మితే ఎంతొస్తుంది, ఇంతే. రిపేరు పేరుతో మా జేబుకి పడే చిల్లు గురించి కూడా ఓసారి వేయండి.

నాది 2007 మోడల్ పెట్రోలు కారు. నాలుగు సిలిండర్లు, పెట్రోలుని మండించే నిప్పురవ్వ ఇచ్చే ఒక్కో స్పార్క్ ప్లగ్ మీద, దానికి కరెంటు పంపే ఒక్కో ఇగ్నిషన్ కాయిల్. ఏడాదిన్నరలో మూడు కాయిల్స్ పోయాయి, మూడూ మూడో సిలిండర్‌వే! మొదటిది సరిగ్గా చించినాడ వంతెన ఎక్కుతుంటే పోయింది. ఒక సిలిండర్‌లో పెట్రోలు మండక బండి మిస్సింగ్ కొడుతూ, ఎంత తొక్కినా లాగక, వెనకాల కొబ్బరికాయల లారీ అతను హారన్ మీద చెయ్యి తీయకుండా... ఆ టెన్షన్ చెప్పలేను. మెకానిక్ స్కానర్ పెట్టాడు, కాయిల్ మార్చాడు, రెండు వేల పైచిలుకు. రెండోసారి పోతే డూప్లికేట్ సరుకన్నాడు, సరేనని ఒరిజినల్ వేయించాను. అదీ ఐదు నెలలకే చేతులెత్తేసింది. ఈసారి "ఆయ్, మన సముద్రం ఉప్పుగాలండి" అన్నాడు. ఉప్పుగాలైతే మిగతా మూడింటికీ తగలదా? అవి బండితో పాటు వచ్చినవే, ఇప్పటికీ నిక్షేపంగా ఉన్నాయి.

చివరికి పాలకొల్లులో ఒక పెద్దాయన, ఆటో ఎలక్ట్రీషియన్, చూశారు. ముందు మూడో కాయిల్ తీసి ఒకటో దాంట్లో, ఒకటోది మూడో దాంట్లో పెట్టారు. మిస్సింగ్ ఒకటో సిలిండర్‌కి మారింది. అంటే కాయిల్ పోయిన మాట నిజమే. "పోయింది సరే, అక్కడే ఎందుకు పోతోందండీ?" అని ప్లగ్ కూర్చునే గుంతలోకి టార్చి వేశారు. అడుగున ఇంజిన్ ఆయిల్! ట్యాపెట్ కవర్, అంటే ఇంజిన్ పైమూత, కింద సీలు గట్టిపడి కారుతోంది. కాయిల్ కింది రబ్బరు గొట్టం ఆ ఆయిల్లో నాని ఉబ్బిపోయింది, దాని పొడవునా పెన్సిల్‌తో గీసినట్టు ఒక నల్లగీత. కరెంటు ప్లగ్‌లోకి పోకుండా పక్కకి దూకిన దారి అదేనట. ప్లగ్ కొసన నిప్పురవ్వ దూకే సందు కొలిస్తే, మా బండికి 1.1 మిల్లీమీటర్లు ఉండాల్సింది, 1.5 దాకా అరిగింది. రెండుసార్లు కాయిల్ మార్చిన మనిషి ఒక్కసారీ ప్లగ్ విప్పి చూడలేదన్నమాట.

బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులని కాయిల్ వేల వోల్టులకి పెంచుతుంది, సందు పెరిగితే ఇంకా ఎక్కువ కావాలి. అంత వోల్టేజీ సందు దాటలేకపోతే పక్కదారి వెతుక్కుంటుంది, మెత్తబడ్డ రబ్బరులోంచో, కాయిల్ లోపలి ఇన్సులేషన్ చీల్చుకునో. కొత్త కాయిల్ వేసినా అదే గతి.

కాయిల్‌తో పాటు ట్యాపెట్ కవర్ ప్యాకింగ్, సీళ్లు, నాలుగు ప్లగ్గులూ మార్చారు. ఒకే సిలిండర్‌లో కాకుండా ఈసారి ఇక్కడ, మరోసారి అక్కడ కాయిల్స్ పోతుంటే మాత్రం ఛార్జింగ్, ఎర్తు (బ్యాటరీ మైనస్‌ని ఇంజిన్ బాడీకి కలిపే వైరు) చూడాలన్నారు. ఇంజిన్ ఆన్‌లో ఉండగా బ్యాటరీ దగ్గర 14 వోల్టుల అటూ ఇటూ ఉండాలి, 15 దాటితే బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్ సంగతి చూసుకోవాలి. హెడ్‌లైట్లు వేసి, బ్యాటరీ మైనస్‌కీ ఇంజిన్ బాడీకీ మధ్య మల్టీమీటర్ పెడితే 0.2 వోల్టులు మించకూడదు. మా బండికి 0.6 చూపించింది, ఎర్తు వైరు చివర పచ్చగా చిలుము పట్టి ఉంది. పాపం ఉప్పుగాలి, దాని పనితనం ఇక్కడుంది, నిందపడ్డది ఇంకోచోట.

ఇంకో మాట. సర్వీసింగ్ షెడ్డులో బానెట్ ఎత్తి ఇంజిన్ మీద ప్రెషర్‌తో నీళ్లు కొట్టించకండి, ఆ గుంతల్లోకి నీరు దిగితే అదీ ఇదే పని చేస్తుంది. మిస్సింగ్ ఉందని తెలిసీ రోజుల తరబడి నడపకండి కూడా, మండని పెట్రోలు సైలెన్సర్ వైపు పోయి అక్కడ పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని పాడు చేస్తే దాని ఖర్చు ముందు కాయిల్ ఖర్చు ఏ మూలకీ కాదు.

నాకు పాత సామాను అడిగి ఇంటికి తెచ్చుకునే అలవాటుంది, మా ఆవిడ తిడుతూనే ఉంటుంది. ఆ సాయంత్రం అటక మీద డబ్బా దించి మొదటి రెండు కాయిల్సూ తుడిచి చూశాను. రెండింటి రబ్బరు మీదా అదే చోట, అదే నల్లగీత.

- ఒక పాఠకుడు, రాజోలు