స్కానరు లీన్ అంటోంది, ప్లగ్గు మసి కక్కుతోంది

విజయవాడ,
ఆదివారం సాయంత్రం

ఒరేయ్ సూరిగా,

నువ్వు తిట్టుకున్నవన్నీ చేరుతూనే ఉన్నాయి, పొలమారి చస్తున్నాను. మూడు నెలలు జవాబు రాయకపోవడం తప్పే, ఒప్పుకుంటున్నా. మీ పిన్నిగారబ్బాయి రాత్రి విమానానికి దోహా బయల్దేరుతున్నాడు. ఆవకాయ సీసాతో పాటు ఈ కాగితాలూ వాడి చేతికే ఇస్తాను. ఎనిమిదింటికి వస్తానన్నాడు, ఇప్పుడు ఆరున్నర. అందాకా ఎంత రాయగలిగితే అంత.

ఇంట్లో అందరూ కులాసా. చిన్నది పదో తరగతికి వచ్చింది. మేడ మీద గది ఇంకా సగంలోనే ఉంది, మేస్త్రీ సంగతి నీకు తెలిసిందే. కబుర్లు అయిపోయాయి. అసలు సంగతి నీ కారు.

కంగారుపడకు, బతికే ఉంది. కానీ నెలన్నర పాటు దానికి జరిగిన వైద్యం వింటే నీకు మన బందరు రోడ్డు స్కూటరు గుర్తొస్తుంది.

వెళ్తూ వెళ్తూ తాళాలు మీ బావగారికి ఇచ్చావు చూడు, అక్కడ మొదలైంది. లీటరుకి 16 ఇచ్చేది 14కి దిగిందని ఆయనకి దిగులు పట్టుకుంది. టైర్లలో గాలి చూసుకోలేదు. నాలుగూ 22 దగ్గర ఉన్నాయి, తలుపు పక్క స్టిక్కరు మీదేమో 30 అని రాసుంది. దానికి తోడు మే నెల, పొద్దస్తమానం ఏసీ. గాలి కొట్టించుకుంటే తీరిపోయే బాధ. కానీ ఆయన అప్పటికే ఫోన్లో ఒక వీడియో చూసేశారు, పొగ పైపులో ఉండే ఆక్సిజన్ సెన్సర్ కడిగితే మైలేజీ పెరుగుతుందని.

పెరగదు. మసి పట్టిన సెన్సర్, పెట్రోలు-గాలి మిశ్రమం సరిగ్గా ఉంటే ఆ పొగ వేడికి తనంతట తనే శుభ్రపడుతుంది. లోపల పాడైపోయిందా, పెట్రోల్లో ముంచినా గంగలో ముంచినా ఒకటే. సరే, ఆయన ముంచారు, రాత్రంతా. దాన్ని ఊడదియ్యాలంటే 22 నంబరు పానా పట్టాలి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్‌లోంచి పొగ బయటికొచ్చే పైపుల గుత్తి) మీద ఉన్న రేకు కవచం అడ్డం. ఆ రేకుని పట్టుకునే నట్లలో రెండు, మానిఫోల్డ్‌ని ఇంజిన్ హెడ్డుకి బిగించే స్టడ్ల మీదివే. రెండూ విప్పారు. తిరిగి పెట్టేటప్పుడు మూలనున్న నట్టుకి పానా అందలేదు. వేళ్లతో తిప్పినంత తిప్పి వదిలేశారు. ఈ నట్టుని గుర్తుపెట్టుకో. ఆయన మాత్రం ఆ మర్నాటికే మర్చిపోయారు.

వారం తిరక్కుండా ఇంజిన్ లైటు వెలిగింది. బ్లూటూత్ స్కానరు తెప్పించి పెడితే పీ0171 అంది. అంటే మిశ్రమం లీన్, పెట్రోలు చాలట్లేదని. ఫ్యూయల్ ట్రిమ్ చూస్తే ఐడిలింగ్‌లో +22, 2500 ఆర్పీఎం దగ్గర +6. కంప్యూటరు తన లెక్క ప్రకారం పోయాల్సిన దానికంటే ఐడిలింగ్‌లో 22 శాతం ఎక్కువ పెట్రోలు పోస్తోందన్నమాట. అటూ ఇటూ పది లోపుంటే పట్టించుకోనక్కర్లేదు గానీ ఇది ఎక్కువే. ఐడిలింగ్‌లో ఎక్కువగా, రేస్ ఇస్తే తక్కువగా ఉంటే వ్యాక్యూమ్ లీకు (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారిలో సందు) అని ప్రతి వీడియోలోనూ చెప్తారు. అబద్ధమేమీ కాదు. కాకపోతే అది వాళ్ల కార్ల సంగతి.

బావగారు కార్బ్ క్లీనర్ డబ్బా పుచ్చుకుని ఇన్‌టేక్, అదే ఆ గాలి దారి, చుట్టూ చల్లారు. లీకు ఉన్నచోట చల్లితే ఇంజిన్ చప్పుడు మారాలి, అదీ పరీక్ష. ఏమీ మారలేదు. (ఇది వేడి మానిఫోల్డ్ పక్కన చల్లితే భగ్గుమంటుంది. ఆయన అదృష్టవంతుడు, కనుబొమలు మిగిలాయి.) మారలేదు కాబట్టి లీకు లేదనుకోవాలి కదా. ఆయన ఇంకా లోపలుందనుకున్నారు. పీసీవీ గొట్టం (ఇంజిన్ అడుగున చేరే ఆవిరిని ఇన్‌టేక్‌లోకి పంపేది) పట్టి లాగారు. ఏళ్ల తరబడి వేడికి పెళుసెక్కిన ప్లాస్టిక్ నిపుల్ పుటుక్కుమని చేతిలోకొచ్చింది. ఐడిలింగ్ ఒక్కసారిగా 1400కి ఎగిరింది.

ఒరేయ్, ఈ కథలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే. అసలు జబ్బేమిటో ఆ విరిగిన నిపులే చెప్పేసింది, వినేవాడు లేకపోయాడు గానీ. నీ కారులో లోపలికెళ్లే గాలిని తూచే మ్యాఫ్ సెన్సర్ లేదు. ఇన్‌టేక్ మానిఫోల్డ్ లోపలి ఒత్తిడి చూసి గాలి ఎంతో లెక్కకట్టే మ్యాప్ సెన్సర్ ఉంది. మ్యాఫ్ ఉన్న కారులో గొట్టం చిరిగితే, లెక్కలోకి రాని దొంగగాలి లోపలికొచ్చి మిశ్రమం లీన్ అవుతుంది. మ్యాప్ ఉన్న కారులో ఆ దొంగగాలి వల్ల కూడా మానిఫోల్డ్ ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి సెన్సర్ దాన్నీ చూస్తుంది, కంప్యూటరు దానికి తగ్గ పెట్రోలు పోసేస్తుంది. ఇంజిన్ లీన్ అవ్వదు, వేగం పెరుగుతుంది. సరిగ్గా అదే జరిగింది: 33 కిలోపాస్కల్ ఉండాల్సిన మ్యాప్ 45కి ఎక్కింది, ఆర్పీఎం 1400, ట్రిమ్ మాత్రం పెద్దగా కదల్లేదు. అంటే అంతకుముందు 800 దగ్గర బుద్ధిగా తిరుగుతూ +22 చూపించిన ఇంజిన్‌కి ఉన్న రోగం వ్యాక్యూమ్ లీకు కానే కాదు.

బావగారు నిపుల్‌కి ఎమ్‌సీల్ పెట్టి, రాత్రి ఆరబెట్టి, ఇంకో వీడియో చూశారు.

తర్వాత వంతు ఈ20 పెట్రోలుది, అంటే 20 శాతం ఇథనాల్ కలిపింది. దీన్ని పూర్తిగా కొట్టిపారెయ్యలేం. ఇథనాల్ కలిసిన కొద్దీ అదే గాలికి ఎక్కువ పెట్రోలు కావాలి. కిలో స్వచ్ఛమైన పెట్రోలుకి గాలి 14.7 కిలోలు, ఈ10కి 14.1, ఈ20కి పదమూడున్నర చిల్లర. ఈ10 లెక్క మీద తయారైన బండిలో ఈ20 పోస్తే ట్రిమ్ మూడు నాలుగు శాతం పైకెళ్లడం మామూలే. ఆ +6లో సగం పైన దానిదే. కానీ 22 ఎక్కడ, నాలుగెక్కడ? పైగా పెట్రోలు దోషమైతే ఐడిలింగ్‌లోనూ రేస్‌లోనూ ఒకేలా ఉండాలి.

ఆ తర్వాత పెట్రోలు పంపు. ముందు ప్రెషర్ గేజ్ పెట్టి చూస్తే పది నిమిషాల్లో తేలేది, 3 బార్ ఉందా లేదా అని. చూడకుండా ట్యాంకులోంచి పంపు, ఫిల్టరు రెండూ మార్పించారు. పంపు బలహీనమైతే రేస్ ఇచ్చినప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు ట్రిమ్ పెరగాలి గానీ తగ్గుతుందా? ఇక్కడ తగ్గుతోంది. ఏడు వేలు పోయాయి, +22 చెక్కుచెదరలేదు. మీ అక్కకి ఈ అంకె చెప్పకు, రెండున్నర అని చెప్పారట.

ఇక ప్లగ్గులు. విప్పితే నాలుగూ కాటుక పూసినట్టున్నాయి, పొడి మసి. పాడైపోయాయని కొత్తవి తెచ్చి బిగించారు, పొడుగాటి రెంచితో, మూలుగుతూ. ఇలా చెయ్యకూడదురా. హెడ్డు అల్యూమినియం. ఇంజిన్ చల్లారాక, ముందు ప్లగ్గు గొయ్యిలో దుమ్ము గాలితో ఊదేసి, ప్లగ్గుని ఉత్త వేళ్లతో చివరిదాకా తిప్పాలి. దారిలో ఎక్కడైనా పట్టేస్తే థ్రెడ్డు వంకరగా ఎక్కుతోందని, వెనక్కి విప్పాలి. వాషరు ఆనాక కొత్తదైతే అర చుట్టు నుంచి మూడింట రెండొంతుల చుట్టు, వాడిందైతే చుట్టులో పన్నెండో వంతు చాలు. టార్క్ రెంచి ఉంటే 14 మిల్లీమీటర్ల ప్లగ్గుకి 20-25 న్యూటన్ మీటర్లు. రెండో నంబరు ప్లగ్గు థ్రెడ్డు వెంట్రుకవాసిలో బతికింది.

ఆటోనగర్ మస్తాన్ గారు రంగంలోకి దిగింది ఇప్పుడే. నీకు గుర్తే, "పదో నంబరు పానా ఎవడు తీశాడ్రా" ఆయనే. ఇప్పుడు షాపు కొడుక్కిచ్చేసి, బయట కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారు. బావగారు పాత ప్లగ్గులు కవర్లో పెట్టి తీసుకెళ్లారు, స్కానరు చూపించారు. మస్తాన్ గారు ప్లగ్గు అటూ ఇటూ తిప్పి చూసి ఒకటే అడిగారు: "ఇది పెట్రోలు ఎక్కువైందంటోంది. నీ ఫోను చాలట్లేదంటోంది. ఎవరిది అబద్ధం?"

అంతేరా. నెలన్నరలో ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినవాడు లేడు. నిజంగా లీన్ అయితే ప్లగ్గు మొన తెల్లగా సున్నం కొట్టినట్టుండాలి. బాగుంటే లేత గోధుమరంగు. ఇదేమో మసి. ప్లగ్గు మంట మధ్యలో కూర్చుంటుంది, అది చూసిందే చెప్తుంది. స్కానరు చెప్పేది సెన్సర్ మాట, ఆ సెన్సర్ పెట్రోలుని చూడదు, పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని చూస్తుంది. ఆ ఆక్సిజన్ ఇంజిన్‌లోంచి కాక బయట నుంచి వస్తే?

ఎగ్జాస్ట్ పైపులో పొగ ధారగా రాదు, తెరలు తెరలుగా వస్తుంది. 4 సిలిండర్లు, 800 ఆర్పీఎం అంటే నిమిషానికి 1600 తెరలు, సెకనుకి దాదాపు 27. తెరకీ తెరకీ మధ్య పైపులో ఒత్తిడి బయటి గాలి కంటే తగ్గుతుంది. అక్కడ సందుంటే పొగ బయటికి పోవడమే కాదు, బయటి గాలి లోపలికీ దూరుతుంది. ముందున్న సెన్సర్ దాన్ని చూసి లీన్ అని కేకేస్తుంది, కంప్యూటరు పాపం నమ్మి పెట్రోలు పోస్తుంది, ప్లగ్గులు మసి బారతాయి. రేస్ ఇస్తే తెరలు దగ్గరపడి, లోపల ఒత్తిడి నిలబడి, గాలి దూరడం తగ్గుతుంది. అందుకే 2500 దగ్గర +6. చూశావా, వ్యాక్యూమ్ లీకు లక్షణమే, అచ్చు గుద్దినట్టు.

ఆ మూల నట్టు!

మస్తాన్ గారు ముందు చేయించింది సెన్సర్ కనెక్టర్ పీకించడం. కోడ్లు చెరిపితే నేర్చుకున్న ట్రిమ్‌లు కూడా సున్నాకి వస్తాయి. అప్పుడు కంప్యూటరు సెన్సర్ మాట వినకుండా తన పట్టిక ప్రకారం పోస్తుంది. స్టార్ట్ చేస్తే ఇంజిన్ వీణలా మోగింది, సైలెన్సర్ దగ్గర పచ్చి పెట్రోలు వాసన పోయింది. అంటే సెన్సరో, దాని ముందు పైపో. బండి రాత్రి అక్కడే ఉంచమన్నారు. తెల్లారి చల్లటి ఇంజిన్ మీద స్టార్ట్ చేస్తే "టిక్ టిక్ టిక్", రెండు నిమిషాల్లో మాయం. లోహం వేడెక్కి వ్యాకోచించి సందు మూసుకుంటుంది, పూర్తిగా కాదు గానీ చెవికి వినపడనంత. పగలు ఎన్నిసార్లు విన్నా దొరకనిది అందుకే. తర్వాత ఇంజిన్ ఆపి చల్లారనిచ్చి, వ్యాక్యూమ్ క్లీనర్ గాలి ఊదే వైపు గొట్టం సైలెన్సర్‌లో పెట్టి, చుట్టూ గుడ్డ కుక్కి, మానిఫోల్డ్ అంచు వెంబడి సర్ఫ్ నీళ్లు పోశారు. మూల నట్టు కింద బుడగలు. రేకు తీసి చూస్తే అక్కడే గ్యాస్కెట్ మీద వేలెడు మసి చార.

గ్యాస్కెట్ కొత్తది, నాలుగొందల లోపు. పాతది మళ్లీ వాడకూడదు, ఒకసారి నలిగాక అది ఇంక ఆనదు. హెడ్డు ముఖం గీకి, స్కేలు ఆనించి వంపు ఉందేమో చూసి, మధ్య నట్ల నుంచి చివరలకి, రెండు విడతలుగా బిగించారు. మర్నాటికి ట్రిమ్ ఐడిలింగ్‌లో +4, రేస్‌లో +3. ఆ మిగిలింది ఈ20 కట్నం. డిప్‌స్టిక్ పెట్రోలు వాసన కొడుతోంది కాబట్టి ఇంజిన్ ఆయిలు కూడా మార్చేశారు, అది తప్పదు. టైర్లకి గాలీ కొట్టించారు. 16 దాటిందట.

ఇంత చదివాక అయిపోయిందనుకుంటున్నావు కదా. మధ్యలో ఒకరోజు బావగారికి ఎక్కడో అనుమానం వచ్చి సెన్సర్ థ్రెడ్డుకి బాత్రూం అద్దాలకి పూసే సిలికాన్ పూశారట! మొన్న నోరుజారి చెప్పారు. ఆ ఆవిరి సెన్సర్‌కి విషంరా, మొన మీద తెల్లటి పొర కట్టేస్తుంది. 2500 ఆర్పీఎం దగ్గర దాని వోల్టేజి పది సెకన్లలో 0.1, 0.9 వోల్టుల మధ్య కనీసం ఏడెనిమిది సార్లు ఊగాల్సింది మూడుసార్లు బద్ధకంగా ఊగుతోంది. ఇవాళ కాకపోతే రేపు మార్చాల్సిందే. అక్కడ చవకగా దొరికితే ఒకటి పట్రా. నాలుగు వైర్లది, కనెక్టర్‌తో సహా కావాలి. వైర్లు కోసి సోల్డరింగ్ చేసేవి వద్దు, ఆ వైర్ల సందుల్లోంచే అది పోల్చుకోవడానికి బయటి గాలి పీల్చుకుంటుంది. థ్రెడ్డు 18 మిల్లీమీటర్లు, 1.5 పిచ్, బిగింపు 45 న్యూటన్ మీటర్లు, అది మస్తాన్ గారు చూసుకుంటారు. పార్టు నంబరు సెన్సర్ ఒంటి మీదే చెక్కి ఉంటుంది, మొన్న అద్దం పెట్టి చదివి ఎక్కడో రాసుకున్నా, పాలపుస్తకం వెనకనుకుంటా

వచ్చేశాడు. కింద హారన్ మోగిస్తున్నాడు. సీసాకి ఇంకా గుడ్డ కట్టలేదు. నంబరు వాట్సప్‌లో పంపిస్తా, అది లేకుండా కొనకు.

నీ
బాబి