సైన్స్ పీరియడ్‌లో గోల ఉండనివ్వండి

సంపాదకుడు గారికి నమస్కారం.

భీమవరం చుట్టుపక్కల ఒక ప్రభుత్వ హైస్కూల్లో పదో తరగతికి ఫిజికల్ సైన్స్ చెబుతున్నాను. మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో ఒకాయన లేచి, మర్యాదగానే, "టీచర్ గారూ, మావాడు ఇంటికొచ్చి ఇవాళ చెరువు నీళ్లు చూశాం, రంగు చూశాం అంటున్నాడు, మరి పాఠం ఎప్పుడు చెబుతారండీ?" అని అడిగారు. వెనక ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారు, చెప్పాల్సినంత చెప్పలేకపోయాను. ఇది ఆయన ఒక్కరి అనుమానం కాదు, మా ఊళ్లో చాలా ఇళ్లలో ఉన్నదే, అందుకే మీ పేపరుకి రాస్తున్నాను.

ముందు ఆ చెరువు నీళ్ల సంగతి చెబుతాను.

ఆమ్లాలు, క్షారాలు, లవణాలు పాఠం మొదలుపెట్టిన రోజు బోర్డు మీద పీహెచ్ స్కేలు, అంటే ఒక ద్రవం ఆమ్లమో క్షారమో చెప్పే కొలత, గీశాను. 0 నుంచి 14 వరకు, మధ్యలో 7 తటస్థం, నిమ్మరసం లాంటి ఆమ్లాలు 7కి కింద, సబ్బునీళ్ల లాంటి క్షారాలు 7కి పైన. ఏటా గీసేదే. మీ ఇళ్లలో ఎవరైనా పీహెచ్ అనే మాట అంటారా అని అడిగితే సగం చేతులు లేచాయి. మాది రొయ్యల చెరువుల ప్రాంతం కదా, పీహెచ్, సెలైనిటీ (నీళ్ల ఉప్పదనం), ఆక్సిజన్ ఇవన్నీ ఈ పిల్లలు అన్నం తింటూ వినే మాటలు. వెనక బెంచీలో ఒక అబ్బాయి ఉన్నాడు, వాళ్ల నాన్న చెరువు గట్టు మీద కాపలా ఉంటాడు, బడి తెరిచిన దగ్గర్నుంచీ నాతో పది మాటలు మాట్లాడి ఉండడు. ఆ అబ్బాయి లేచి, "ఒకటే చెరువుకి పొద్దున్న ఒక పీహెచ్ వస్తుందండి, మధ్యాహ్నం ఇంకోటి వస్తుందండి" అన్నాడు. ఎందుకలా అన్నాను. "తెలీదండి, మా నాన్న అంటాడండి."

నాకు జవాబు తెలుసు, రెండు నిమిషాల్లో చెప్పేయొచ్చు, నోట్సు రాయించేయొచ్చు. ఆ రోజు ఎందుకో నోటిదాకా వచ్చింది ఆపుకొని, మీరే తేల్చండి అన్నాను.

ఐదుగురేసి గుంపులయ్యారు. ప్రతి గుంపూ ముందు తాము ఏమనుకుంటున్నారో కాగితం మీద రాయాలి, అది తప్పైతే ఎలా తెలుస్తుందో కూడా రాయాలి, నేను పెట్టిన షరతు ఇదొక్కటే. ఎండకి నీళ్లు వేడెక్కడం వల్ల అని రెండు గుంపులు రాశాయి, మేత వల్ల అని ఒకటి, సున్నం చల్లడం వల్ల అని ఒకటి, నీళ్లలో పచ్చదనం వల్ల అని ఇంకొకటి. పిల్లలెవరూ గట్టు దిగకూడదని, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల దగ్గర కరెంటు ఉంటుంది కాబట్టి నీళ్లు పెద్దవాళ్లే ముంచి ఇవ్వాలని ముందే గట్టిగా చెప్పాను.

మర్నాడు తెల్లవారుజామున ముంచిన నీళ్లు సీసాల్లో తెచ్చారు. మా ల్యాబ్‌లో సగం సీసాలు ఎండిపోయి ఉన్నాయి, ఫినాఫ్తలీన్ మాత్రం మిగిలింది. పీహెచ్ 8.2 దాటేదాకా దానికి రంగు రాదు, దాటాక గులాబీ రంగు వస్తుంది. మొదటి పీరియడ్‌లో మూడేసి చుక్కలు వేశారు, రంగు రాలేదు. అదే చెరువు నుంచి భోజనాల వేళ తెచ్చిన నీళ్లలో ఆఖరి పీరియడ్‌లో వేస్తే, వెనక తెల్ల కాగితం పెడితే గానీ కనిపించనంత లేత గులాబీ. "మా నాన్న చెప్పింది నిజమేనండి" అని ఆ అబ్బాయి ఎంత నెమ్మదిగా అన్నాడో నాకు ఇంకా వినిపిస్తోంది.

అసలు సంగతి అప్పుడు మొదలైంది. ఒక గుంపులో ఆడపిల్లలు పొద్దున్న మిగిలిన సీసాని కిటికీ అరుగు మీద మర్చిపోయారు. సాయంత్రం పారబోసే ముందు ఊరికే చుక్కలు వేసి చూస్తే గులాబీ రంగు వచ్చింది! మధ్యాహ్నం సీసాతో మార్చేశారని పక్క గుంపు దెబ్బలాటకి వచ్చింది. ఇంకొకరి బ్యాగులో ఉండిపోయిన పొద్దుటి సీసా తీసి చూస్తే దానికి రంగు రాలేదు. అంటే ఎండ తగిలిన నీళ్లే మారాయి. ఇది నేను ప్లాన్ చేసింది కాదు, నాకు తట్టనే లేదు.

తర్వాత రోజు ఏం చేయాలో వాళ్లే అనుకుని వచ్చారు. తెల్లారి ముంచిన నీళ్లు రెండు సీసాల్లో పోసి, ఒకదానికి నల్ల ప్లాస్టిక్ కవరు చుట్టి, రెండూ ఎండలో పక్కపక్కనే పెట్టారు. మూడో సీసాలో కుళాయి నీళ్లు. వేడి వల్ల అని రాసిన గుంపు చివరిదాకా పట్టు వదల్లేదు. మధ్యాహ్నం నల్ల కవరు సీసా ముట్టుకుంటే మిగతా రెండింటికన్నా వేడిగా ఉంది, కానీ రంగు రాలేదు. కుళాయి నీళ్లకీ రాలేదు. పచ్చటి చెరువు నీళ్లకి మాత్రం వచ్చింది. వేడి కాదండి, వెలుతురు అండి అని ఆ గుంపులో అమ్మాయే ఒప్పుకుంది. అప్పుడు నేను నోరు తెరిచాను. నీళ్లలో కంటికి కనపడని పచ్చటి శైవలాలు పగలు కిరణజన్య సంయోగక్రియ కోసం కార్బన్ డయాక్సైడ్ వాడేసుకుంటాయి, ఆ వాయువు నీళ్లలో ఉంటే కార్బోనిక్ ఆమ్లంగా మారుతుంది, అది తగ్గేసరికి పీహెచ్ పెరుగుతుంది. రాత్రి ఆక్సిజన్ తయారుకాదు, రొయ్యలూ శైవలాలూ బాక్టీరియా అన్నీ శ్వాసిస్తూనే ఉంటాయి, కార్బన్ డయాక్సైడ్ పెరిగి పీహెచ్ దిగుతుంది, తెల్లవారబోయే ముందు ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. నేను ఇంకా ముగించలేదు, "అందుకేనండి మా నాన్న రాత్రిపూట ఏరియేటర్లు ఆపనివ్వడు" అని వెనక బెంచీ అబ్బాయి లేచి నిలబడి అందరికీ చెప్పాడు.

వెలుతురు సీసా, చీకటి సీసా పెట్టి పోల్చడం నిజంగా శాస్త్రవేత్తలు వాడిన పద్ధతి. 1927లో నార్వేకి చెందిన గార్డర్, గ్రాన్ సముద్రపు నీళ్లలో కిరణజన్య సంయోగక్రియ ఎంత జరుగుతోందో ఇలాగే కొలిచారు, కాకపోతే వాళ్లు చూసింది ఆక్సిజన్. నల్ల కవరు చుట్టిన పిల్లలకి ఈ మాట చెబితే వాళ్ల మొహాలు చూడాలి. భీమవరంలో ఆక్వా ల్యాబులకి రైతులు సీసాల్లో నీళ్లు పట్టుకెళ్తారు, అక్కడా చాలా టెస్టులు రంగు చూసి తేల్చేవే కదండీ అని ఒకడు అడిగాడు. అవును. రంగు ఎంత చిక్కగా వచ్చిందో చూసి రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో లెక్కగట్టే పద్ధతిని ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి 1925లో ఇచ్చిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో పుట్టింది ఈ భీమవరంలోనే అని చెప్పాను. ఆయన పేరు వాళ్లకి జనరల్ నాలెడ్జి బిట్టుగా తెలుసు. ఆ రోజు మనూరాయన అయ్యారు.

దీనికంతటికీ ఖర్చయింది మూడు పీరియడ్లు, పైన కొంచెం. డబ్బు ఖర్చు దాదాపు లేదు. కానీ రెండో రోజు, సరిగ్గా సీసాల దగ్గర దెబ్బలాట జరుగుతున్నప్పుడు తనిఖీకి ఒక అధికారి వచ్చారు. క్లాసు అదుపులో లేదు, సిలబస్ వెనకబడింది అని నలుగురిలో అన్నారు. చాలా బాధపడ్డాను. ఆయన ఒక్క నిమిషం నిలబడి విని ఉంటే, ఒక పిల్ల "నువ్వు సీసా మార్చలేదని నేను ఎలా నమ్మాలి, గుర్తు పెట్టావా?" అని అడగడం వినేవారు. సైన్స్ అంటే ఆ ప్రశ్నే కదా. బల్లలు చరుస్తూ ఆడుకునే గోల వేరు, ఇది వేరు, బయట వరండాలో నుంచి వింటే రెండూ ఒకలాగే ఉంటాయి, లోపలికొస్తే తెలుస్తుంది.

మీటింగ్‌లో అడిగిన ఆయనకి ఇంకో మాట చెప్పాలి. పిల్లాడు ఇంటికొచ్చి టీచరు ఏమీ చెప్పలేదు అంటే కంగారు పడకండి. 2019లో హార్వర్డ్‌లో ఫిజిక్స్ విద్యార్థుల మీద ఒక పరిశీలన చేశారు. చక్కగా లెక్చర్ విన్నవాళ్లు మాకు బాగా వచ్చింది అనుకున్నారు, గుంపుల్లో కూర్చుని తంటాలు పడ్డవాళ్లు మాకు సరిగా రాలేదు అనుకున్నారు, టెస్టు పెడితే ఎక్కువ మార్కులు తంటాలు పడ్డవాళ్లకే. అంతకుముందు 2014లో 225 అధ్యయనాలు కలిపి చూస్తే, ఒట్టి లెక్చర్ క్లాసుల్లో ఫెయిలయ్యే అవకాశం ఒకటిన్నర రెట్లు ఉందని తేలింది. అవి కాలేజీ వాళ్ల మీద చేసినవి, మా పదో తరగతి పిల్లల మీద కాదు, నిజమే. అయినా తంటాలు పడి తెలుసుకున్నది నిలుస్తుందన్నది నా క్లాసులో నేను కళ్లారా చూస్తున్నాను. నెల తర్వాత స్లిప్ టెస్టులో నిర్వచనాలు మర్చిపోయారు గానీ ఫినాఫ్తలీన్ ప్రశ్న దాదాపు ఎవ్వరూ తప్పు రాయలేదు.

ఇది పల్లెటూరి బడుల్లో కుదిరే పని కాదంటారు కొందరు. మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ జిల్లాలో 1972లోనే పల్లె బడుల్లో ఇలా మొదలుపెట్టారు, పిల్లలే చేసి, చూసి, రాసుకోవడం, తక్కువ ఖర్చు కిట్లు, పరీక్షలో పుస్తకం దగ్గర పెట్టుకోవచ్చు, ప్రయోగ పరీక్ష కూడా. 30 ఏళ్లు నడిచింది, 2002లో ప్రభుత్వం ఆపేసింది. ఆపేశారన్నది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మన దగ్గర పుస్తకాల్లో కృత్యాలు బోలెడు ఉన్నాయి, చేయనిచ్చే టైమే లేదు. ప్రాజెక్టు వర్క్ అంటే నెట్ సెంటర్లో ప్రింటు తీయించి చార్టు మీద అంటించడమైపోయింది, అమ్మానాన్నలు అర్ధరాత్రి కూర్చుని ఆ చార్టుకి బోర్డర్లు గీస్తున్నారు, పిల్లాడు పక్కన నిద్రపోతున్నాడు.

కష్టాలు లేవని నేనెక్కడా అనను. నలభై నిమిషాల పీరియడ్‌లో గుంపులు కూర్చోడానికే పది పోతాయి. అరవై మంది ఉన్న సెక్షన్‌లో ఒక్కరం చూసుకోవడం నిజంగా టెన్షనే. అన్ని పాఠాలూ ఇలా కుదరవు, పరమాణువు నిర్మాణం నేను సుద్దముక్క పట్టుకునే చెబుతాను. ఇంకొకటి, గుంపులో చురుకైనవాడే అన్నీ చేసేసి మిగతావాళ్లు చూస్తూ ఉండిపోవడం మొదట్లో నా క్లాసులోనూ జరిగింది. ఇప్పుడు చేసినవాళ్లు కాకుండా పక్కన కూర్చున్నవాళ్లలో ఎవరో ఒకరు లేచి వేరే గుంపుకి వివరించాలి, ఎవర్ని లేపుతానో ముందు చెప్పను. దాంతో చేసేవాడు పక్కవాడికి నేర్పక తప్పడం లేదు.

అందుకని విద్యాశాఖ వాళ్లని మీ పేపరు ద్వారా అడుగుతున్నాను. వారంలో ఒక్కసారి రెండు సైన్స్ పీరియడ్లు కలిపి టైంటేబుల్లో ఇవ్వండి, ఆ గంటా ఇరవై నిమిషాల్లో స్లిప్ టెస్టులు, స్టడీ అవర్లు పెట్టకండి. తనిఖీకి వచ్చినవాళ్లు నోట్సులు ఎన్ని పేజీలు దిద్దారో చూడటంతో పాటు ఒక గుంపు పక్కన పది నిమిషాలు కూర్చోండి, పిల్లల్నే అడగండి. పబ్లిక్ పరీక్షలో బడిలో చేసిన ప్రయోగం గురించి, తప్పు ఎక్కడ రావచ్చో రాయమని ఒక ప్రశ్న పెడితే చాలు, ప్రైవేటు బళ్లు కూడా ల్యాబు తాళాలు తీస్తాయి.

ఆ వెనక బెంచీ అబ్బాయి నిన్న కొత్త ప్రశ్న తెచ్చాడు. రెండు మూడు రోజులు మబ్బు పడితే వాళ్ల నాన్న నిద్రపోడట, రొయ్యలు పైకి తేలతాయని భయం. మబ్బు రోజు వెలుతురు సీసాకి రంగు వస్తుందా రాదా? క్లాసు రెండుగా చీలిపోయి ఉంది. ఈసారి వాయుగుండం పట్టినప్పుడు, బడికి సెలవు ఇవ్వకపోతే, సీసాలు మళ్లీ కిటికీలో పెడతాం. మీటింగ్‌లో అడిగిన ఆయన ఆ రోజు వీలు చూసుకుని వచ్చి మా క్లాసులో కూర్చోవాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక సైన్స్ టీచర్,
పశ్చిమ గోదావరి జిల్లా